క్రిములు పెరగలేదని రాసిన మూడు రిపోర్టులు

కొత్తగా ల్యాబ్ ఉద్యోగంలో చేరినవాళ్లు కలిసినప్పుడు, "మేడం, మీ సర్వీసులో మీరు పట్టుకున్న పెద్ద కేసు ఏది?" అని అడుగుతుంటారు. పట్టుకున్నవి ఉన్నాయి. భూపాలపల్లిలో ఉన్నప్పుడు ఒక గని కార్మికుడు ఏళ్ల తరబడి బొగ్గు దుమ్ము వల్ల అనుకున్న దగ్గు నిజానికి క్షయ అని కళ్లె పరీక్షలో పట్టుకున్నాను. జనగామలో ఒక బాలింత రక్తంలో మలేరియాను మూడో స్లైడ్‌లో పట్టుకున్నాను. చెప్పుకోవడానికి అవి బాగుంటాయి. వాటి నుంచి మీరు నేర్చుకునేది మాత్రం తక్కువ. ఇప్పుడు చెప్పబోయేది నేను కళ్లారా చూసి కూడా చెప్పకుండా ఊరుకున్న కేసు.

జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్ మూడు చోట్లా పనిచేశాను. ఇది ఏ ఊరి దవాఖానలో జరిగిందో చెప్పను. అప్పటివాళ్లు కొందరు ఇంకా ఉద్యోగంలో ఉన్నారు. తప్పు నాది కాబట్టి దాన్ని మాత్రం దాచను.

మా ల్యాబ్ దవాఖాన వెనక, జనరేటర్ గదిని ఆనుకుని ఉండేది. డాక్టర్లు అక్కడికి రెండు పనుల మీదే వచ్చేవారు. సొంత ఇంటివాళ్ల రక్తం పరీక్ష చేయించడానికి, లేకపోతే మమ్మల్ని తిట్టడానికి. మేమూ వార్డుల వైపు పోయేవాళ్లం కాదు. సీసాలు కిటికీలోంచి లోపలికి వచ్చేవి, కాగితాలు అదే కిటికీలోంచి బయటికి పోయేవి. రోగులు మాకు వయసుగా, వార్డు నంబరుగా తెలుసు తప్ప మనుషులుగా తెలియదు.

అప్పటికి మా దగ్గర కల్చర్ పరీక్షలు కొత్త. పుండులోని చీమునో, మూత్రాన్నో తీసుకుని, అందులో క్రిములుంటే ఒక ప్లేటు మీద వాటిని పెంచి, ఏ మందుకు లొంగుతాయో చూసే పరీక్ష అది. నన్ను మూడు వారాల శిక్షణకు పంపి, తిరిగి రాగానే ఆ బల్ల నాకు అప్పజెప్పారు. నాకంటే పదేళ్లు పెద్దవాడైన సీనియర్ టెక్నీషియన్ ఒకాయన ఉండేవాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు. పనిలో చెయ్యి తిరిగిన మనిషి. ఆయన వేసిన స్లైడ్‌కు ఎవరూ వంక పెట్టలేరు.

మొదటి వారమే ఆయన నాకొక మాట చెప్పాడు.

"చెల్లె, ప్లేటు మీద పెరిగిందే కాయితం మీద రాయాలె. స్లైడ్‌ల కనబడ్డదంత రాయకు. ఆడ కనబడి ఈడ పెరగకపోతే డాక్టర్లు మన నెత్తి మీదికొస్తరు."

ఆయన ఆ మాట ఊరికే అనలేదు. వెనక ఒకచోట పనిచేసినప్పుడు, స్లైడ్‌లో క్రిములున్నాయని ఒక రిపోర్టు మీద రాసి, కింద పెరగలేదని కూడా రాశాడట. ఆ డాక్టర్ అందరి ముందూ "ఉన్నయా లేవా, ఒక్కటి చెప్పు" అని కాగితాన్ని ఆయన ముఖం మీదికి విసిరాడట. అందుకే స్లైడ్‌లో చూసింది మా రిజిస్టర్‌లో మాత్రం రాసుకునేవాళ్లం. బయటికి పోయే కాగితంలో దానికి చోటు ఉండేది కాదు. నాకూ ఆ పద్ధతి సులువుగానే అనిపించింది.

మిర్చి ఏరే రోజుల్లో ఒక పొద్దున ఆడవాళ్ల సర్జికల్ వార్డు నుంచి ఒక గొట్టం వచ్చింది. అందులో దూది చుట్టిన పుల్ల, దాని కొసకు అంటిన చీము. వయసు ఇరవై ఎనిమిది. అపెండిక్స్ పగిలితే ఆపరేషన్ చేశారు, పది రోజులైనా గాయం మానడం లేదు, జ్వరం తగ్గడం లేదు. మూత తీయగానే వాసన వచ్చింది. ఇన్నేళ్లలో చాలా చీము చూశాను. ఈ వాసన వేరు. కుళ్లిన మాంసానికి, మురుగు కాలువకు మధ్య ఎక్కడో ఉంటుంది. సీనియరన్న లేచి కిటికీ రెక్కలు తెరిచాడు.

చీమును గాజు పలక మీద పలుచగా పూసి, రంగులు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టాను. నిండా క్రిములే. గులాబీ రంగులో సన్నని పుల్లల్లాంటివి, పొట్టివి, పొడుగువి, కొన్ని మధ్యలో ఉబ్బినవి, జాతరలో జనంలా కిక్కిరిసి ఉన్నాయి. ఇది రేపటికి ప్లేటు నిండా పెరుగుతుందనుకున్నాను. మర్నాడు ప్లేటు కడిగిన పళ్లెంలా ఉంది. మూడో రోజూ అంతే. రిజిస్టర్‌లో చూసింది రాసుకుని, కాగితం మీద "క్రిములు పెరగలేదు" అని రాసి సంతకం పెట్టాను.

నాలుగు రోజులకు రెండో గొట్టం వచ్చింది. అదే పేరు, అదే వాసన. స్లైడ్ నిండా అవే. ప్లేటు మీద ఏమీ లేదు. మందులు వాడుతున్నారు కదా, ఇవి చచ్చిన క్రిముల కళేబరాలేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రెండో కాగితం మీదా సంతకం పెట్టాను.

మూడోసారి వచ్చినప్పుడు మనసు ఒప్పలేదు. శిక్షణలో ఒక గంట పాఠం గుర్తొచ్చింది. మన పేగుల్లో కోట్ల క్రిములు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం గాలి సోకితే బతకవు. పేగులో ఉన్నంతకాలం వాటితో మనకు పేచీ లేదు, కొంత మేలు కూడా. పేగుకు చిల్లు పడి కడుపులోకి జారితే మాత్రం అక్కడ చీము గూడు కట్టుకుంటాయి. వాటిని గాలి లేని చోటే పెంచాలి. మా దగ్గర అలాంటి ఏర్పాటు లేదు. ఒక గాజు జాడీ ఉంది. ప్లేటును అందులో పెట్టి, పక్కన కొవ్వొత్తి వెలిగించి, మూత బిగించాను. కాసేపటికి కొవ్వొత్తి ఆరిపోయింది. లోపల గాలంతా అయిపోయింది, ఇక ఆ జాతి క్రిములుంటే పెరగక తప్పదు అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. సీనియరన్న కూడా "మంచిగనే ఆలోచించినవ్ చెల్లె" అన్నాడు.

రెండు రోజుల తర్వాత జాడీ తెరిస్తే ప్లేటు మీద ఏమీ లేదు. దాంతో నాకు సందేహం పూర్తిగా తీరిపోయింది. మొదటి రెండు సంతకాలు కొంచెం వెనకాడుతూ పెట్టాను. మూడోది ధైర్యంగా పెట్టాను.

ఆ తర్వాత మూడో రోజు, అదే మనిషి చీము క్షయ పరీక్ష కోసం వచ్చింది. చీటీ మీద సర్జన్ చేతిరాత: "మూడుసార్లు కల్చర్‌లో క్రిములు లేవు. టీబీ అనుమానం. మందులు మొదలుపెట్టాము." ఆ చీటీని రెండుసార్లు చదివాను. నేను పెరగలేదు అని రాస్తే ఆయన లేవు అని చదువుకున్నాడు. అందులో ఆయన తప్పేముంది? చీము ఉండి క్రిములు లేకపోతే ఏ డాక్టరైనా క్షయ గురించే ఆలోచిస్తాడు. నేను రాయకుండా వదిలేసిన ఒక్క వరుస ఉంటే ఆయన దారి వేరుగా ఉండేది.

అయినా ఆ రోజు లేచి ఆయన దగ్గరికి పోలేదు. క్షయ పరీక్ష చేశాను, ఏమీ కనబడలేదు, అదే రాశాను. తెలిసిన తర్వాత కూడా ఒక రోజంతా ఊరుకున్నాను.

మర్నాడు పదకొండు గంటలప్పుడు కిటికీ దగ్గర ఒక అవ్వ నిలబడింది. అరవై దాటి ఉంటుంది. చేతులకు మోచేతుల దాకా తెల్లటి గాజులు, తలమీద అద్దాల పైట. దంతాలపల్లి అవతల తండా నుంచి వచ్చిందని తర్వాత తెలిసింది. క్షయ పరీక్ష కాగితం కోసం నర్సు పంపింది. నేను కాగితం ఇచ్చాను. తీసుకుని ఆమె పోలేదు.

"బిడ్డా, ఇందుల ఏమున్నదో జర చెప్పు. నాకు సదువు రాదు."

"టీబీ లేదు అవ్వా."

"అది లేదు. ముందుగాల పురుగు గూడ లేదన్నరు. మూడు సార్లు అడిగితె మూడు సార్లు లేదనే అన్నరు." ఆమె కాగితాన్ని మడిచి కొంగులో పెట్టుకుంది. "ఏమీ లేకపోతె మరి ఆ వాసన యాడికెల్లి వస్తుందే బిడ్డా?"

ఆమె నిలదీయలేదు. తెలిసినవాళ్లు చెబుతారని అడిగింది, అంతే. నా దగ్గర జవాబు ఉంది. అది రిజిస్టర్‌లో ఉంది, పెట్టెలో దాచిన మూడు స్లైడ్‌ల మీద ఉంది. నేను తలుపు తీసుకుని బయటికి వచ్చాను.

"మీ బిడ్డ యాడున్నది? నేను జూస్త" అన్నాను.

వార్డులో అవ్వ బిడ్డ లేదు. వాసన భరించలేకపోతున్నామని పక్క మంచాలవాళ్లు గొడవ చేస్తే, మంచాన్ని వరండా చివరికి జరిపారు. అవ్వ మంచం కోళ్లకు వేపమండలు కట్టింది, మూకుట్లో సాంబ్రాణి పొగ వేసింది. ఆ పొగలోంచి కూడా వాసన వస్తూనే ఉంది. మంచం మీద మనిషి ఎముకలూ కళ్లూ మాత్రమే అయిపోయింది. మిర్చి తోటలో ఏరుతుండగా కడుపునొప్పి వచ్చిందట. ఊళ్లో సూది మందు ఇచ్చే ఆయన దగ్గర మూడు రోజులు గడిచాయి. దవాఖానకు వచ్చేసరికి అపెండిక్స్ పగిలింది. భర్త హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని వదిలి వచ్చి, ఉన్నన్ని రోజులు ఉండి, మళ్లీ పోయాడు. నాలుగేళ్ల కూతురు తండాలో మేనత్త దగ్గర ఉంది.

నేను దగ్గరికి పోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కా, దగ్గరికి రాకు. వాసనొస్తది."

ఆ మాట అంటూ ముఖం గోడ వైపు తిప్పుకుంది. తన ఒంట్లోంచి వస్తున్నదానికి తానే సిగ్గుపడుతోంది. తల్లితో వాళ్ల భాషలో ఏదో అంది. అందులో "యాడీ" అన్న మాటొక్కటే నాకు తెలిసింది. అంటే అమ్మా అని. అవ్వ వంగి దుప్పటిని గాయం మీదికి ఇంకా లాగింది, వాసన నాకు రాకుండా.

మంచం పక్కన కాసేపు కూర్చుని, అక్కడి నుంచి నేరుగా సర్జన్ గదికి పోయాను. బయట రోగుల వరస ఉంది. వరసను దాటి లోపలికి పోయాను. సర్జన్ నలభై ఏళ్ల మనిషి, కోస్తా వైపు నుంచి వచ్చాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు. మాలో కొందరు వెనకాల ఆయన మాటతీరును అనుకరిస్తూ నవ్వుకునేవారు. ఆయన మా మాటకు ఎప్పుడూ నవ్వలేదు.

"సార్, వరండాల ఉన్న పేషెంట్ చీములో క్రిములు ఉన్నయి. స్లైడ్‌ల కనబడ్డయి. మూడుసార్లూ కనబడ్డయి."

ఆయన పెన్ను ఆగింది. "రిపోర్టులో లేదు కదమ్మా."

"నేను రాయలేదు సార్."

"ఎందుకు రాయలేదు?"

"ప్లేటు మీద పెరగలేదు. పెరగంది రాయొద్దని మా అలవాటు."

సీనియరన్న పేరు చెప్పలేదు. అది గొప్పతనం కాదు. చెప్పినంత మాత్రాన సంతకం ఆయనది అయిపోదు. సర్జన్ అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"మీరు లేవన్నారని నేను ఆ అమ్మాయికి క్షయ మందులు మింగిస్తున్నాను" అన్నాడు. తర్వాత, "ఆ స్లైడ్లు ఉన్నాయా?" అన్నాడు.

ఇద్దరం ల్యాబ్‌కు వచ్చాం. ఆయన మా గదిలోకి రావడం అదే మొదలు. గడప దగ్గర ఆగి ఎక్కడికి పోవాలో తెలియక చూస్తుంటే సీనియరన్న స్టూల్ జరిపాడు. సర్జన్ మూడు స్లైడ్‌లూ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. మూడోదాని మీద నుంచి కన్ను తీయకుండానే అన్నాడు. "ఇవి పేగులోవి. గాలికి పెరగవు. మొదట్లో వీటి మందు కూడా ఇచ్చాం. మీ మొదటి రిపోర్టు చూసి ఆపేశాను."

నేను నా కొవ్వొత్తి జాడీ సంగతి చెప్పాను. అలా చేసినా పెరగలేదన్నాను. ఆయనకూ దాని సంగతి సరిగా తెలియదు. "కల్చర్ కోసం ఆగేది లేదు" అంటూ లేచాడు. అరగంటలో క్షయ మందులు ఆపించి, గాలి సోకని క్రిములకు వేసే మందు సెలైన్‌లో ఎక్కించడం మొదలుపెట్టించాడు. కడుపుకు మళ్లీ స్కానింగ్ చేయిస్తే, పొత్తికడుపు లోతులో పిడికిలంత చీము గూడు కనిపించింది. మధ్యాహ్నానికల్లా ఆ గూడులో సూది దించి చీము తీశాడు. ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో తేలాలంటే దాన్ని వరంగల్‌లోని పెద్ద ల్యాబ్‌కు చేర్చాలి.

శిక్షణలో నాకు పాఠం చెప్పిన మేడం అక్కడే ఉంది, ఆమెకు ఫోన్ చేశాను. ఆమె చెప్పింది నాకింకా గుర్తుంది. "దూది పుల్ల వద్దు. దూది నిండా గాలే ఉంటుంది. సిరంజిలోనే ఉంచండి, లోపలి గాలంతా బయటికి తోసేయండి, సూది మొనకు రబ్బరు బిరడా గుచ్చండి. ఐసులో పెట్టకండి. రెండు గంటల్లో నా చేతికి రావాలి."

సీనియరన్న అలవాటు కొద్దీ ఐసు డబ్బా తెచ్చి పెట్టాడు. వద్దన్నాను. తన స్టీలు టిఫిన్ డబ్బా కడిగి, తుడిచి, దూది పరిచి, సిరంజిని అందులో పెట్టి మూత బిగించాడు. బస్టాండ్ దాకా బండి మీద దింపాడు. దారిలో ఒక్కటే అడిగాడు.

"సారుకు నా పేరు చెప్పినవా?"

"లేదన్నా."

బస్టాండ్‌లో నన్ను బస్సు ఎక్కించి బండి తిప్పుకున్నాడు.

బస్సులో డబ్బాను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. మార్కెట్‌కు పోయే మిర్చి లారీలు రోడ్డు నిండా ఉన్నాయి. ఒకచోట ఒక లారీ ఒరిగి బస్తాలు జారిపడితే బస్సు ఆగిపోయింది. కిటికీల్లోంచి మిర్చి ఘాటు లోపలికి కొట్టింది. అందరూ తుమ్ముతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు. పక్కన కూర్చున్నామె, "ఏడుస్తున్నవా అక్కా?" అని అడిగింది. "ఘాటమ్మా" అన్నాను. అది నిజమే, కొంత వరకు. గడియారం చూస్తే గంటా పది నిమిషాలు గడిచాయి. డ్రైవర్ దగ్గరికి పోయి, దవాఖాన పని మీద పోతున్నానని, ఒక మనిషి ప్రాణమని చెప్పాను. ఆయన నన్ను ఒక చూపు చూసి, బస్సును మట్టి బాటలోకి దించి లారీని దాటించాడు. ఆయన ఎవరో నాకు తెలియదు. ఈ కథలో తన పని తాను ఆలస్యం లేకుండా చేసిన మనిషి ఆయనే.

రెండు గంటల గడువుకు ఇంకా పది నిమిషాలు ఉండగానే మేడం చేతికి డబ్బా ఇచ్చాను. ఆమె చీమును ప్లేట్ల మీద వేసి, గాలిని రసాయనంతో పూర్తిగా తీసేసే జాడీలో పెట్టాక, నాకు టీ తెప్పించింది. అప్పుడు నా కొవ్వొత్తి సంగతి అడిగాను.

"కొవ్వొత్తి ఆరిందంటే గాలి అయిపోయిందని కాదమ్మా" అంది. "మంట మండడానికి చాలనంత తగ్గింది, అంతే. ఈ క్రిములను చంపడానికి కావలసినంత ఇంకా మిగిలే ఉంటుంది. ఆ జాడీ వేరే క్రిములకు పనికొస్తుంది, వీటికి కాదు."

ఆమె మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. నా మూడో సంతకానికి ధైర్యం ఇచ్చింది ఆ ఆరిన కొవ్వొత్తే. అసలు తెలియకపోతే ఎవరినైనా అడిగేదాన్ని. సగం తెలిసింది కాబట్టి అడగలేదు.

నాలుగో రోజు మేడం ఫోన్ చేసింది. బాక్టీరాయిడిస్ అనే పేగు క్రిమి పెరిగింది. సర్జన్ మొదలుపెట్టిన మందే దానికి సరైన మందు. ఆయన అప్పటికే ఫలితం చూస్తున్నాడు. మూడో రోజుకే జ్వరం దిగింది. నాలుగో రోజు పొద్దున అవ్వ మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చింది, ఈసారి కాగితం కోసం కాదు.

"వాసన పోయింది బిడ్డా" అంది. "మంచం మళ్ల లోపలికి తెచ్చిన్రు. పొద్దుగాల గంజి తాగింది. బిడ్డను తీస్కరమ్మంటుంది, సూస్తదట."

రెండు రోజుల తర్వాత మేనత్త ఆ పాపను తీసుకొచ్చింది. నేను ఆ పూట వార్డుకు పోయాను. తల్లి పక్కన మంచం మీద ఎక్కి కూర్చుని ఆ పిల్ల తల్లి జడ విప్పి మళ్లీ అల్లుతోంది. ఆమె నన్ను చూసి, "అక్కా, రా, కూసో" అంది. ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు. తండాకు పోయేసరికి మిర్చి అయిపోతుందేమోనని, ఈ ఏడు ఏరడానికి పోలేకపోతానని ఏవేవో చెప్పింది. నేను అన్నింటికీ తల ఊపాను. నిజం అప్పుడే చెప్పాల్సింది. బాగై ఇంటికి పోయే రోజు చెబుదామనుకున్నాను.

ఆ రోజు రాలేదు. రెండోసారి మందు మొదలుపెట్టిన పదో రోజున ఆమెకు మూత్రం ఆగిపోయింది. అన్ని రోజులు ఒంట్లో పాకిన విషానికి మూత్రపిండాలు లోపల్లోపల దెబ్బతిన్నాయి. వరంగల్ పంపారు. అక్కడ రెండు రోజులుండి చనిపోయింది.

ఆ కబురు సర్జన్ స్వయంగా ల్యాబ్‌కు వచ్చి చెప్పాడు. సీనియరన్నా నేనూ ఉన్నాం. నేను అడగబోయేది ఆయనకు తెలిసినట్టుంది.

"ముందే తెలిసి ఉంటే బతికేదా అని నన్ను అడక్కండి. నాకు తెలియదు. పగిలిన మూడు రోజులకు వచ్చింది. బతకవచ్చు, బతకకపోవచ్చు" అన్నాడు. తర్వాత, "మూడుసార్లు పంపాను. ఒక్కసారి కూడా నేను నడిచి వచ్చి అడగలేదు. వార్డు నుంచి ఇక్కడికి ఎంత దూరం?" అన్నాడు.

ఆయన పోయాక సీనియరన్న చాలాసేపు స్లైడ్‌లు కడుగుతూ ఉండిపోయాడు. కడిగినవే మళ్లీ కడిగాడు.

"నీకు నేర్పిన తప్పు నాది చెల్లె" అన్నాడు చివరికి.

"చేసింది నేను గదన్నా."

మర్నాడు ఆయన తెల్ల కాగితం, స్కేలు తీసుకుని కూర్చుని రిపోర్టు నమూనాను కొత్తగా గీశాడు. పైన "స్లైడ్‌లో కనబడినవి" అని ఒక వరుస. దాని కింద "ప్లేటు మీద పెరిగినవి". అన్నింటికంటే కింద ఇంకో వరుస చేర్చాడు: "గాలి సోకని క్రిముల కోసం ఈ ల్యాబ్‌లో పరీక్ష చేయలేదు." ఆ మూడో వరుసను సూపరింటెండెంట్ ఒప్పుకోలేదు. మన చేతకానితనాన్ని మనమే అచ్చు వేసుకోవడం ఏమిటన్నాడు. సర్జన్ పోయి మాట్లాడాడు. పది రోజులకు ఒప్పుకున్నాడు. సీనియరన్న రిటైర్ అయ్యేదాకా ప్రతి కాగితంలో ఆ మూడో వరుస కింద చేత్తో గీత గీసి పంపేవాడు.

మీలో ఎవరైనా ఇప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటే, మీకు మంచి పరికరాలు వచ్చి ఉంటాయి. గంటల్లో క్రిమి పేరు చెప్పే యంత్రాలు ఉన్నాయట. సంతోషం. కానీ యంత్రం కూడా తాను వెతకనిదాన్ని గురించి ఏమీ చెప్పదు. నాకు దొరకలేదు అనడానికి, అక్కడ లేదు అనడానికి మధ్య ఒక మనిషి పడుకుని ఉంటుంది. ఆ తేడాను కాగితం మీద రాయడం డాక్టర్ పని కాదు, మన పని. తిడితే తిట్టనివ్వండి. నాకు తెలిసి, ల్యాబ్‌లో తిట్లు తిని ఎవరూ చావలేదు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం దంతాలపల్లికి బస్సులో పోయి, అక్కడి నుంచి ఆటోలో ఆ తండాకు పోయాను. ఎందుకు పోతున్నావని ఇంట్లో అడిగితే పని ఉందన్నాను. అవ్వ ఇంటి ముందు పందిరి కింద, ఎండిన మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు వేరు చేస్తోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. గోనెపట్టా పరిచింది, చెంబుతో నీళ్లిచ్చింది. పాప గుమ్మంలో నిలబడి చూసి లోపలికి పోయింది.

నీళ్లు తాగలేదు. ముందు చెప్పేద్దామనుకున్నాను.

"అవ్వా, నువ్వు ఆ దినం అడిగినవు గద, ఏమీ లేకపోతె వాసన యాడికెల్లి వస్తున్నదని. నాకప్పటికే తెలుసు. మొదటిసారే నాకు కనబడ్డయి. కాయితం మీద రాయలే. రాసుంటె సారు ముందుగాలనే మందు ఇచ్చేటోడు."

ఆమె చేతులు ఆగలేదు. మంచి కాయ ఒక వైపు, తాలు కాయ ఒక వైపు వేస్తూనే ఉంది. పక్క ఇంట్లో ఎవరో రోట్లో ఏదో దంచుతున్నారు.

"ఎన్ని దినాలు?" అంది.

"పన్నెండు దినాలు అవ్వా."

ఆమె ఆ అంకెను మనసులో ఎక్కడో పెట్టుకున్నట్టు తల ఊపింది. ఏడవలేదు, తిట్టలేదు. నన్ను క్షమించిందని కూడా అనుకోకండి. అలాంటిదేమీ ఆమె అనలేదు.

"నీళ్లు తాగు. ఎండల వచ్చినవు" అంది.

తాగాను. చెంబు కింద పెట్టాక ఆమె మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"వచ్చి చెప్పినవు. మంచిదే. ఇంక రాకు బిడ్డా. నిన్ను జూస్తె నాకు ఆ వరండా కండ్లల్ల మెదులుతది."

లేచి నమస్కారం చేశాను. ఆమె మళ్లీ కాయల మీదికి వంగింది. ఆటో పంపేసి ఉన్నాను కాబట్టి రోడ్డు దాకా నడిచాను. ఉద్యోగంలో ఇంకా చాలా ఏళ్లున్నాను, దంతాలపల్లి మీదుగా ఎన్నోసార్లు బస్సులో పోయాను. ఆ తండా దారి వచ్చినప్పుడు కిటికీలోంచి అటు చూసేదాన్ని. దిగలేదు.